తరుగు రాయని ఖాతా: పార్థా దాస్‌గుప్తా ఆర్థిక చింతనలో ప్రకృతి

రాబర్ట్ సోలో 1956లో ప్రకటించిన ఆర్థికాభివృద్ధి నమూనా ఆ తర్వాతి తరాల విద్యార్థులకు ఓనమాలైంది. అందులో ఉత్పత్తికి కావలసినవి రెండే: మూలధనం, శ్రమ. వీటికి సాంకేతిక ప్రగతి తోడైతే ఆదాయం ఎంతకాలమైనా పెరుగుతూ పోవచ్చు. నేల, నీరు, అడవి, గాలి ఆ సమీకరణంలో ఎక్కడా లేవు. తొలినాటి అర్థశాస్త్రంలో రికార్డో కౌలు సిద్ధాంతం పొలం సారం మీదే నిలబడింది. మాల్థస్ భయమంతా తిండిగింజల గురించే. అలా మొదలైన శాస్త్రం శతాబ్దంన్నర తిరక్కుండానే భూమిని మరిచిపోవడానికి కారణాలు లేకపోలేదు. పారిశ్రామిక దేశాల ఆదాయంలో వ్యవసాయం వాటా బాగా తగ్గింది. చమురు చవగ్గా దొరుకుతోంది. ఒకచోట గని ఖాళీ అయితే మరోచోట కొత్తది తవ్వుకోవచ్చు.

ఆ మరుపును సరిదిద్దడానికి అర్ధశతాబ్దికి పైగా పనిచేసిన ఆర్థికవేత్త పార్థా దాస్‌గుప్తా. 2021లో బ్రిటిష్ ప్రభుత్వం కోసం ఆయన రాసిన జీవవైవిధ్య నివేదికతో ఆయన పేరు పత్రికలకెక్కింది. కానీ ఆయన రచనలను వరుసలో పెట్టి చదివితే అసలైన మలుపు 1980లలో, పల్లెల ఉమ్మడి భూముల దగ్గర కనబడుతుంది. చమురు బావితో మొదలైన సిద్ధాంతం మేతబీడు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి పనిలోనూ ఆ బీడు నీడ ఉంది.

దాస్‌గుప్తా 1942లో ఢాకాలో పుట్టారు. తండ్రి అమియ కుమార్ దాస్‌గుప్తా బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యులు, సిద్ధాంతాల చరిత్ర తెలిసిన పండితుడు. కొడుకు మాత్రం ఢిల్లీలో భౌతికశాస్త్రం, కేంబ్రిడ్జిలో గణితం చదివి, ఆ తర్వాతే తండ్రి దారికి మళ్లారు. 1968లో డాక్టరేట్ పూర్తయింది. జనాభా ఎంత ఉండాలి, ఎంత పొదుపు చేయాలి అన్న ప్రశ్నలు అప్పుడే ఆయన్ని పట్టుకున్నాయి.

ఆయన తొలినాటి పనుల్లో ఒకటి ఇవాళ పెద్దగా ఎవరూ తలచుకోనిది. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం స్టీఫెన్ మార్గ్లిన్, అమర్త్య సేన్‌లతో కలిసి ఆయన రాసిన మార్గదర్శక గ్రంథం 1972లో వెలువడింది. పేద దేశంలో ఒక ఆనకట్టో కర్మాగారమో కట్టాలా వద్దా అన్నది ఎలా తేల్చాలో ఆ పుస్తకం చెబుతుంది. బజారు ధరల్లో లాభనష్టాలు కడితే సరిపోదు. వేరే పని దొరకని కూలీని పనిలో పెట్టుకుంటే సమాజానికి అయ్యే ఖర్చు అతనికిచ్చే కూలికంటే తక్కువ. దొరకడమే గగనమైన విదేశీ మారకం అధికారిక రేటుకంటే విలువైనది. ఇలా ఒక వస్తువు సమాజానికి నిజంగా ఎంత విలువైనదో చెప్పే అంకెను ఛాయా ధర అంటారు. పేదవాడికి చేరే రూపాయికి ధనికుడికి చేరే రూపాయికంటే ఎక్కువ బరువు ఇచ్చే పద్ధతి కూడా ఆ పుస్తకంలో ఉంది. బజారులో ధర లేని వస్తువుకు విలువ కట్టే పనిముట్టు ఇలా ముప్పయ్యేళ్ల వయసులోనే ఆయన చేతికొచ్చింది. దాన్ని ప్రకృతి మీద ప్రయోగించాలన్న ఆలోచన పండడానికి మరికొంత కాలం పట్టింది.

అదే 1972లో రోమ్ క్లబ్ కోసం తయారైన, వృద్ధికి హద్దులున్నాయని హెచ్చరించిన 'లిమిట్స్ టు గ్రోత్' నివేదిక వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించాయి. కొద్ది నెలల్లో ధర నాలుగింతలైంది. ఆర్థికవేత్తలు ఉలిక్కిపడి దుమ్ముపట్టిన ఒక పాత వ్యాసాన్ని బయటికి తీశారు. హెరాల్డ్ హోటలింగ్ 1931లో రాసినది అది. గని యజమాని ఖనిజాన్ని ఇవాళ తవ్వి అమ్మి ఆ డబ్బును వడ్డీకి ఇవ్వవచ్చు, లేదా నేలలోనే ఉంచి ధర పెరిగేదాకా ఆగవచ్చు. ఈ రెండూ సమానంగా గిట్టుబాటు కావాలంటే తవ్వని ఖనిజం విలువ వడ్డీరేటుతో సమానంగా పెరుగుతుండాలి. 1974లో 'రివ్యూ ఆఫ్ ఎకనామిక్ స్టడీస్' పత్రిక తరిగిపోయే వనరుల మీద ఒక ప్రత్యేక సంచిక తెచ్చింది. అందులో దాస్‌గుప్తా, జెఫ్రీ హీల్ కలిసి రాసిన వ్యాసం, సోలో రాసిన మరో వ్యాసం పక్కపక్కన అచ్చయ్యాయి.

వాళ్లు తేల్చిన విషయాలు ఇవాళ చదివినా ఆలోచనలో పడేస్తాయి. నిల్వ తరిగేకొద్దీ ఆ లోటును యంత్రాలు ఎంతవరకు భర్తీ చేయగలవన్నదే ముఖ్యం. సాంకేతిక ప్రగతి తోడు లేకుండా, రేపటి తరాల సుఖాన్ని నేటి సుఖంకంటే కొంచెమైనా తక్కువగా లెక్కించే సమాజం, తన దృష్టిలో సరైన దారినే నడుస్తూ కూడా చివరికి అందరికీ వినియోగం అడుగంటే చోటికి చేరవచ్చు. వనరుకంటే మూలధనం పాత్ర ఉత్పత్తిలో పెద్దదైతే, తగినంత పొదుపు చేస్తే, జీవన ప్రమాణం పడిపోకుండా నిలబెట్టడం సాధ్యమేనని సోలో చూపారు. 1977లో జాన్ హార్ట్‌విక్ దానికి ఒక సూత్రం ఇచ్చారు: గని మీద వచ్చే మిగులును తినేయకుండా మొత్తం పెట్టుబడిగా మార్చాలి. 1990లో చట్టం చేసి చమురు నిధి పెట్టుకున్న నార్వే నడిచింది ఇంచుమించు ఈ దారినే. హీల్‌తో కలిసి దాస్‌గుప్తా 1979లో తెచ్చిన పెద్ద గ్రంథం ఈ దశకు ముగింపు.

ఎంత పదునైన గణితమైనా, అందులోని ప్రకృతి ఒక గోదాములోని సరుకు. దానికి యజమాని ఉన్నాడు, ధర ఉంది, ఎంత మిగిలిందో కొలిచే సాధనం ఉంది. ఊరిచెరువుకు, అడవి అంచున పుల్లలేరుకునే హక్కుకు, భూగర్భ జలానికి ఇవేవీ లేవు. 1982లో వచ్చిన 'ది కంట్రోల్ ఆఫ్ రిసోర్సెస్' పుస్తకంలో దాస్‌గుప్తా ఈ రెండో లోకంలోకి అడుగుపెట్టారు. అప్పటికి ఉమ్మడి ఆస్తి అనగానే అందరికీ గుర్తొచ్చేది గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసం: అందరిదీ అయిన మేతబీడులో ప్రతి కాపరీ ఇంకో పశువును తోలుతాడు, బీడు నాశనమవుతుంది. ఎవరికైనా తెరిచి ఉన్న మహాసముద్రానికో వాతావరణానికో ఈ వర్ణన సరిపోతుందిగాని, ఊరి బీడుకు సరిపోదని దాస్‌గుప్తా వాదించారు. ఊరివాళ్లకు ఒకరికొకరు తెలుసు. రేపూ ఎల్లుండీ ఎదురుపడాలి. ఎవరు ఎన్ని పశువులు తోలవచ్చో, ఏ నెలలో బీడు మూసెయ్యాలో కట్టుబాట్లుంటాయి, తప్పినవాడికి తప్పు వేస్తారు. ఎలినార్ ఆస్ట్రమ్ ఇదే విషయాన్ని ఎన్నో దేశాల ఉదాహరణలతో 1990లో గ్రంథస్థం చేశారు.

ఉమ్మడి వనరులు పేదల ఇంట్లో ఎంత బరువు మోస్తున్నాయో అంకెల్లో చూపినది మన నేల మీద జరిగిన అధ్యయనం. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు వంటి మెట్ట గ్రామాల్లో ఇంటింటి ఆదాయవ్యయాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. అక్కడ పనిచేసిన ఎన్. ఎస్. జోధా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 7 రాష్ట్రాల్లోని 80కి పైగా మెట్ట గ్రామాలు పరిశీలించి, 1986లో ఫలితాలు ప్రకటించారు. పేద కుటుంబాల ఆదాయంలో 14 నుంచి 23 శాతం ఉమ్మడి వనరుల నుంచే వస్తోంది: మేత, వంటచెరకు, ఆకులు, కాయలు, గింజలు. 1950ల మొదటికీ 1980ల మొదటికీ మధ్య ఆ భూముల విస్తీర్ణం 31 నుంచి 55 శాతం తగ్గింది. చాలాచోట్ల అది పేదలకు పంచే పేరుతోనే తగ్గింది. చివరికి చాలా భాగం పేదలు కానివాళ్ల చేతికి చేరింది. పోరంబోకు, బంచరాయి భూములు ఎలా కరిగిపోయాయో కళ్లారా చూసిన మన పల్లెలకు ఈ మాట కొత్తకాదు. జాతీయాదాయ లెక్కల్లో మాత్రం ఆ మేత, ఆ పుల్లలు చాలావరకు ఉన్నప్పుడూ లేవు, పోయినప్పుడూ పోయినట్టు లేవు.

దాస్‌గుప్తా జోధా అంకెలను తన రచనల్లో పదేపదే ఉదహరించారు. 1993లో వచ్చిన 'యాన్ ఎంక్వైరీ ఇంటు వెల్‌బీయింగ్ అండ్ డెస్టిట్యూషన్' పుస్తకంలో పోషకాహారం, భూమి, అప్పు, స్త్రీల పని, చుట్టూ ఉన్న ప్రకృతి ఒకే అల్లికగా కనిపిస్తాయి. అంతకుముందు దేబ్‌రాజ్ రేతో కలిసి ఆయన ఒక కఠోర సత్యాన్ని నిరూపించారు. తిండి చాలనివాడు పని చేయలేడు, పని చేయలేనివాడికి కూలి దొరకదు, కూలి లేనివాడికి తిండి లేదు. ఎకరం చెక్క ఉన్నవాడు ఈ ఉచ్చు నుంచి కొంత తప్పించుకోగలడు. ఏమీ లేనివాడికి ఉన్నది ఉమ్మడి భూమి ఒక్కటే. అంటే ఆ భూమి పోవడం అతని విషయంలో కేవలం పర్యావరణ నష్టంగా మిగలదు, అతని ఒంట్లో సత్తువే పోతుంది.

1995 ఫిబ్రవరిలో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ఈ గొలుసుకు ఇంకో లంకె కలిపారు. అడవి దూరమైతే పుల్లలకూ నీళ్లకూ పశువులకూ పట్టే సమయం పెరుగుతుంది. ఆ పనులు చేసేది ఆడవాళ్లు, పిల్లలు. ఇంట్లో ఇంకో జత చేతులుంటే బావుండునన్న అవసరం పుడుతుంది. పిల్లలు పెరిగితే అడవి మీద ఒత్తిడి పెరుగుతుంది, అడవి ఇంకా దూరమవుతుంది. పేదరికమే జనాభాకు కారణమనో జనాభాయే పేదరికానికి కారణమనో వాదించుకుంటున్న రెండు వర్గాలకూ ఆయన ఇచ్చిన సమాధానం, పేదరికం, జనాభా, ప్రకృతి తరుగు మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటాయని. అందుకే ఆయన సూచించిన మందులు కుటుంబ నియంత్రణ శాఖ గోడలు దాటిపోయాయి: ఇంటి దగ్గరికి మంచినీళ్లు, వంటకు ఇంధనం, స్త్రీలకు చదువు, సంపాదన, ఇంట్లో మాట చెల్లుబాటు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మహిళల పేర గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన దీపం పథకాన్ని ఈ వెలుగులో చూస్తే, దాన్ని ఎన్నికల తాయిలంగా మాత్రమే చూసినవాళ్లు ఎంత వదిలేశారో అర్థమవుతుంది.

ఈ దశాబ్దంలోనే ఆయన, స్వీడిష్ ఆర్థికవేత్త కార్ల్ యోరాన్ మేలర్ కలిసి సంస్థల నిర్మాణానికి పూనుకున్నారు. స్టాక్‌హోమ్‌లోని బేయర్ సంస్థ 1991లో కొత్త రూపు దిద్దుకుంది. పర్యావరణ శాస్త్రవేత్తలూ ఆర్థికవేత్తలూ అక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. 1999లో కఠ్మాండు కేంద్రంగా దక్షిణాసియా పర్యావరణ ఆర్థికశాస్త్ర బృందం సాండీ మొదలైంది. మన ప్రాంతపు విశ్వవిద్యాలయాల యువ అధ్యాపకులకు శిక్షణ, పరిశోధనకు నిధి ఇవ్వడం దాని పని. పేద దేశాల సమస్యల మీద ఆ దేశాలవాళ్లే పరిశోధన చేయాలన్న ఈ పట్టుదలకు ఆయన పుస్తకాలతో సమానమైన గౌరవం దక్కాలి.

2000 నాటికి ప్రశ్న మరింత పెద్దదైంది. ఒక దేశం బాగుపడుతోందో లేదో ఏ అంకె చెబుతుంది? స్థూల దేశీయోత్పత్తి చెప్పలేదని చాలామంది అన్నారు. ఎందుకు చెప్పలేదో, దానికి బదులు ఏం కావాలో సిద్ధాంతపరంగా కట్టి చూపింది దాస్‌గుప్తా, మేలర్, కెన్నెత్ యారోల బృందం. వరి పొలంలో పైమట్టిని అడుగు లోతున తవ్వి ఇటుక బట్టీకి అమ్మితే ఆ ఏడు రైతు ఆదాయం పెరిగినట్టే, జిల్లా ఉత్పత్తీ పెరిగినట్టే. పొలం పోగొట్టుకున్న సారం ఏ ఖాతాలోనూ తరుగుగా పడదు. స్థూల ఉత్పత్తి లెక్కలో యంత్రం అరుగుదలకే చోటు లేదు, ఇక మట్టి మాటెక్కడిది? కాబట్టి ఏడాది ప్రవాహాన్ని పక్కనపెట్టి ఆస్తిని కొలవాలి: రోడ్లు, యంత్రాలు, భవనాలు, మనుషుల చదువు, ఆరోగ్యం, నేల, నీరు, అడవి, ఖనిజం. అన్నిటికీ ఛాయా ధర కట్టి కలిపితే వచ్చేది సమగ్ర సంపద. అది తలసరిన తగ్గుతుంటే, ఆదాయం ఎంత పెరిగినా ఆ దేశం రేపటిని అమ్ముకుని బతుకుతున్నట్టే. 2004లో యారో, దాస్‌గుప్తా, పాల్ ఎర్లిక్ తదితరులు పదకొండుమంది కలిసి మనం మరీ ఎక్కువ వాడేస్తున్నామా అన్న ప్రశ్నతో ఒక వ్యాసం రాశారు. సహారా దిగువ ఆఫ్రికాలో పెట్టుబడి, జనాభా పెరుగుదలకూ ప్రకృతి తరుగుకూ సరితూగడం లేదని వాళ్ల అంచనా. 2012లో రియోలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు నాటికి 20 దేశాల సమగ్ర సంపద నివేదిక సిద్ధమైంది.

మధ్యలో ఒక వివాదం. 2006లో నికొలస్ స్టెర్న్ వాతావరణ మార్పు నివేదిక వచ్చినప్పుడు చాలామంది అమెరికన్ ఆర్థికవేత్తలు, అందులో భవిష్యత్తుకు మరీ ఎక్కువ బరువు ఇచ్చారని విమర్శించారు. దాస్‌గుప్తా ఆ విమర్శలో చేరలేదు. పుట్టబోయేవాళ్లను పుట్టేది ఆలస్యంగా అన్న ఒక్క కారణంతో తక్కువ చేసి చూడడం ఆయనకూ ఒప్పు కాదు. ఆయన అభ్యంతరం ఇంకోచోట: ధనికులకూ పేదలకూ మధ్య అంతరానికి స్టెర్న్ ఇచ్చిన బరువు మరీ తక్కువ. స్టెర్న్ వాడిన విలువల్నే ఒక సాదా నమూనాలో పెడితే ఈ తరం తన ఉత్పత్తిలో 97.5 శాతం పొదుపు చేయాల్సి వస్తుందని లెక్కకట్టి చూపారు. మిగిలిన రెండున్నర శాతంతో ఇవాళ్టి పేదవాడు ఎలా బతకాలి? పర్యావరణం కోసం పోరాడే వర్గంలోనే ఉంటూ, ఆ వర్గపు గొప్ప పత్రాన్ని పేదల పక్షాన నిలదీయడం ఆయన మేధో నిజాయతీకి నాకు తెలిసిన మంచి ఆనవాలు.

2011లో భారత ప్రభుత్వం జాతీయ లెక్కల్లో ప్రకృతిని ఎలా చేర్చాలో సూచించమని ఆయన అధ్యక్షతన నిపుణుల బృందాన్ని నియమించింది. 2013లో నివేదిక వచ్చింది. సంపద ఖాతాలే అంతిమ లక్ష్యం కావాలని, ముందుగా భూమి, అడవి, నీరు వంటివాటి నమోదు మెరుగుపరచాలని చెప్పింది. కేంద్ర గణాంక శాఖ 2018 నుంచి 'ఎన్విస్టాట్స్ ఇండియా' పేరిట పర్యావరణ ఖాతాలు వెలువరిస్తోంది. ఇది చిన్న అడుగేమీ కాదు. అయితే బడ్జెట్ వేళ రెండు తెలుగు రాష్ట్రాలూ చాటుకునేది ఇప్పటికీ రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధి శాతాన్నే. చెరువుల పూడిక, జలమట్టం వేరే శాఖల నివేదికల్లో విడిగా పడి ఉంటాయి.

2019లో బ్రిటిష్ ఆర్థిక శాఖ ఆయనకు జీవవైవిధ్యం మీద సమీక్ష అప్పగించింది. పర్యావరణ శాఖ కాకుండా ఖజానా చూసే శాఖ అడగడమే ఇందులో విశేషం. 2021 ఫిబ్రవరి 2న వెలువడిన ఆ 600 పేజీల నివేదికలో ఆయన జీవితకాలపు పనంతా ఒకచోట చేరింది. 1992 నుంచి 2014 మధ్య ప్రపంచంలో మనిషి నిర్మించిన ఆస్తి తలసరిన రెట్టింపైంది, చదువు ఆరోగ్యాల రూపంలోని ఆస్తి 13 శాతం పెరిగింది, ప్రకృతి ఆస్తి దాదాపు 40 శాతం తరిగింది. అప్పటి తీరులో బతకడానికి 1.6 భూగోళాలు కావాలని నివేదిక చెప్పింది. ప్రకృతికి హాని చేసే పనులకు ప్రభుత్వాలు అప్పట్లో ఏటా ఇస్తూ వచ్చిన రాయితీలు 4 నుంచి 6 లక్షల కోట్ల డాలర్లు. ప్రకృతి రక్షణకు ఖర్చయినది 7,800 నుంచి 14,300 కోట్ల డాలర్లు.

ఈ అంకెలకంటే నాకు ముఖ్యంగా తోచింది సిద్ధాంతంలో వచ్చిన మార్పు. 1974లో వనరు ఆర్థిక వ్యవస్థకు బయటున్న గోదాము. 2021లో ఆర్థిక వ్యవస్థే జీవావరణం కడుపులో ఉంది. జీవావరణం తిరిగి పుట్టించగలిగినంతకు మించి తీసుకోవడం ఎంతోకాలం సాగదు, ఎంత సాంకేతికత వచ్చినా ఉత్పత్తికి ఒక హద్దుంటుంది. ఆర్థికవేత్త హెర్మన్ డేలీ వంటివారు ఈ మాట 1970ల నుంచీ అంటూనే ఉన్నారు. అప్పట్లో ప్రధాన స్రవంతి వారిని లెక్కచేయలేదు. ఆ స్రవంతి నడిబొడ్డున పెరిగిన గణితవేత్త అదే చోటికి తన సమీకరణాలతోనే చేరడం వల్ల ఆ మాటను తోసిపుచ్చడం కష్టమైంది.

నివేదికకు విమర్శలూ గట్టిగానే వచ్చాయి. అడవిని మూలధనం అనడమే దాన్ని అమ్మకానికి పెట్టడమని కొందరన్నారు. ఛాయా ధరకూ బజారు ధరకూ తేడా తెలిస్తే ఈ భయం కొంత తగ్గుతుంది. ఒక వస్తువును అమ్మకూడదని నిర్ణయించడానికీ దాని విలువ తెలియాలి. పైగా ప్రకృతిలోని చాలా పనులు కంటికి కనబడవు, చప్పుడు చేయవు, ఒకచోట నిలవవు, అందుకే బజారు వాటిని పట్టుకోలేదని నివేదిక స్వయంగా చెబుతుంది. అయినా ఆ భయం నిరాధారం కాదు. కంపెనీలు 'ప్రకృతి మూలధనం' అన్న మాట వాడేటప్పుడు ఛాయా ధర గురించి ఆలోచిస్తున్నాయని నేను నమ్మను.

నా అసంతృప్తి ఇంకోటి. దేశం మొత్తానికి కట్టిన సంపద ఖాతాలో ఊరి బీడు ప్లాట్లుగా మారితే ప్రకృతి వరుసలో కొంత తగ్గుతుంది, నిర్మాణాల వరుసలో అంతకుమించి పెరుగుతుంది, మొత్తం మీద సంపద పెరిగినట్టే. ఆ బీడులో రెండు మేకలు మేపుకుంటూ బతికిన మనిషి కూడికలో ఎక్కడా తేలదు. ఇది దాస్‌గుప్తాకు తెలియక కాదు. 1993 నాటి గ్రంథమంతా ఆ మనిషి గురించే. అలాంటి పేద మనిషి చేతికి చేరే రూపాయికీ చేజారే రూపాయికీ ఎంత ఎక్కువ బరువు ఇవ్వాలో 1972 మార్గదర్శకాల్లో పద్ధతి కూడా రాసి ఉంది. ఇవాళ దేశాలు తయారుచేస్తున్న ప్రకృతి ఖాతాల్లో ఆ బరువు ఇంకా చేరలేదు.